చీరాల తేలియా రుమాలు – నామవిచారము

వస్తువు పుట్టినచోటు వేఱు, దాని పేరు పుట్టిన భాష వేఱు నగుట చరిత్రమున నరుదు గాదు. చీరాల నేఁత యగు తేలియా రుమాలు దీనికిఁ దగిన యుదాహరణము. ఈ యూరు 1970వఱకు గుంటూరు జిల్లాలోను, పిమ్మటఁ బ్రకాశము జిల్లాలోను నుండి, 2022నుండి బాపట్ల జిల్లాలో నున్నది.

'రుమాలు' పారసీకపదము. 'రూ' యనఁగా ముఖము, 'మాల్' అనఁగా తుడుచునది. 'తేల్' అనునది సంస్కృత తైలశబ్దభవమగు హిందీపదము. అక్షరార్థమునుబట్టి దీనిని జేతిగుడ్డగాఁ దలఁపరాదు. ఇది చతురస్రమగు పెద్దవస్త్రము. బెస్తలును బసులకాపరులును దీనిని దలకుఁ జుట్టుకొనిరి, మొలకుఁ గట్టుకొనిరి. తెలుగున రుమాలు తలపాగకును బేరగుట యీ వాడుకకు సాక్ష్యము.

'తేలియా' యను విశేషణము మాత్రము సార్థకము. ఆముదపుఁ గాయలను గాల్చిన బూడిదనీటిలో నూనె గలిపి, నేయుటకు ముందే నూలు నందు ముంచి, పిసికి, యెండఁబెట్టుదురు. బహుదినము లిట్లు చేయఁగా, క్షారముతోఁ గలసిన నూనె నూలునకుఁ బట్టి, పటికతోఁ గూడి యెఱుపును వదలనీయదు. పూర్వ మీ తీరమున నెఱుపునకుఁ జిరివేరు ప్రసిద్ధము. అందుఁ గల అలిజరిన్ అను రంజకద్రవ్యమును 1868లో జర్మనీ రసాయనజ్ఞులు కృత్రిమముగాఁ జేసిరి. తరువాత నదియే వేరునకు మాఱుగా వచ్చెను. రంగు మాఱినను నూనెపని మాఱలేదు. కావుననే పేరును నిలిచెను.

ఈ నేఁతయందుఁ బడుగును బేకయు రెండును ముందే ముడులు గట్టి యద్దఁబడును. మగ్గముపై రెంటి గుర్తులు కలిసినప్పుడే రూప మేర్పడును. ఎఱుపు, నలుపు, తెలుపు దీని వర్ణములు. ఏడెన్, అరేబియా, తూర్పు ఆఫ్రికా దేశములకు 'ఆసియా రుమాలు' అను పేరను నివి యెగుమతియయ్యెను. ముడిపనికి నేఁతవారి మాట 'చిట్కి'. వర్తకుని పేరు సరకు గుణమును దెలుపును. నేఁతకాని పేరు పనిని దెలుపును.

20వ శతాబ్ది తొలిభాగమున నీ విద్య నల్లగొండ సీమకు వ్యాపించెను. ఎగుమతి తగ్గఁగాఁ జీరాలలోఁ బని మిక్కిలి క్షీణించెను. 2020లో భౌగోళిక సూచిక పుట్టపాక తేలియా రుమాలునకు లభించినది. అచ్చటివారు విద్యను నిలిపిరి గావున నది న్యాయమే. కాని పుట్టినచోటి సాక్ష్యము ముడులకును, బూడిదనీటికిని, అద్దకపు వరుసకును గల చీరాల మాటలలో నున్నది.  ఆ ప్రాంతపుఁ బాఠశాలల పండితులు నేఁతయిండ్ల పెద్దల నడిగి, పని వరుసతో సహా వీనిని వ్రాసికొనుట యుచితము. ఆ పెద్దలతోఁ బోయిన మాట మరలఁ జిక్కదు.