అప్పు చేసి కొన్న కెమెరా.. అట్టడుగు బతుకులకు సాక్షి
* సొంతంగా నేర్చుకుని డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీలో నిలదొక్కుకున్న మదురై యువకుడు
* పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలే ఆయన చిత్రాలకు కేంద్రం

చెన్నైలో తెల్లవారకముందే చీపురు పట్టి రోడ్డెక్కేవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు. వీళ్ల పని నగరంలో అందరికీ కావాలి. ముఖాలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. తమిళనాడులో ఇలాంటి కార్మికుల బతుకులను ఏళ్ల తరబడి ఫొటోల్లో నమోదు చేస్తూ వచ్చారు మదురై జిల్లా జవహర్‌లాల్‌పురానికి చెందిన ఎం.పళనికుమార్. ఫొటోగ్రఫీలో పట్టా పుచ్చుకుని వచ్చినవారు కాదు. తీస్తూ, తప్పులు దిద్దుకుంటూ, తెలిసినవాళ్లను అడుగుతూ నేర్చుకున్నారు.

చేపల గంప పక్కనే పాఠాలు
పళనికుమార్ తల్లి చేపలు అమ్మి సంసారం నడిపారు. అలాంటి ఇంట్లో కెమెరా అంటే చిన్న ఖర్చు కాదు. 2013లో అప్పు చేసి తొలి కెమెరా కొన్నారు. ఆయన తొలి పాఠాలకు తల్లి, ఆమె చేసే పని, చుట్టూ ఉన్న శ్రామిక మహిళలే ఆధారం. అందమైన దృశ్యం కోసం ఊళ్లు తిరగలేదు. తనకు బాగా తెలిసిన బతుకునే తీశారు. బయటివారికి కనిపించని విషయం ఇంటివాడికి కనిపిస్తుంది కదా! స్వయంగా నేర్చుకున్నవారికి ఉన్న పెద్ద పెట్టుబడి అదే. మదురై దగ్గరి వాడిపట్టికి చెందిన జయసింగ్ నాగేశ్వరన్ కూడా ఇలా సొంతంగా నేర్చుకుని పేరు తెచ్చుకున్నవారే.

మలుపు తిప్పిన 'కక్కూస్'
పాకీ పని చేసేవారి దుస్థితిపై దివ్యభారతి తీసిన తమిళ డాక్యుమెంటరీ 'కక్కూస్' 2017లో వచ్చింది. దానికి ఛాయాగ్రహణం పళనికుమార్‌దే. ఆ చిత్రం చాలామందిని కదిలించింది, కొందరికి కోపమూ తెప్పించింది. కొన్నిచోట్ల ప్రదర్శనకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. దర్శకురాలిపై కేసులు నమోదయ్యాయి. సినిమా పూర్తయినా పళనికుమార్ ఆ విషయాన్ని వదల్లేదు. మురుగు కాలువల్లో ఊపిరాడక చనిపోయినవారి ఇళ్లకు వెళ్లారు. వారి భార్యాబిడ్డలను ఫొటోలు తీశారు.

మురికిలో దిగిన మనిషిని ఫొటో తీయడం ఎవరికైనా సాధ్యమే. అదే మనిషి ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్ల మధ్య కూర్చుని తీయాలంటే ముందు వాళ్ల నమ్మకం సంపాదించాలి. ఒక్కరోజులో వచ్చేది కాదది. ఇష్టం లేదంటే కెమెరా సంచిలో పెట్టుకుని వెనక్కి రావాలి. లేకపోతే ఆ ఫొటో వాళ్లకు మరో అవమానమే.

కోలారు గనుల్లోనూ ఫొటోనే పట్టించింది
ఫొటో ఏం చేయగలదో తెలియాలంటే కోలారు బంగారు గనుల కథ వినాలి. 2016లో రామన్ మెగసెసె పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ పుట్టింది అక్కడే, పారిశుద్ధ్య పని చేసే తెలుగు కుటుంబంలో. మనుషుల చేత శుభ్రం చేయించే మరుగుదొడ్లు గనుల కాలనీల్లో ఇంకా ఉన్నాయని 1993లో ఆయన లేఖలు రాస్తే పట్టించుకున్న నాథుడు లేడు. ఫొటోలు పత్రికకు ఎక్కాక కథ మారింది. వాటిని మార్చక తప్పలేదు. పాకీ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చిందీ 1993లోనే.

విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి రూ.10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఇలాంటి మరణాలకు పరిహారాన్ని రూ.30 లక్షలకు పెంచింది. అయితే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చనిపోయారన్న వివరం లేకపోతే ఏ ఆదేశమైనా కాగితం మీదే ఉండిపోతుంది. పేరు, ఊరు, తేదీతో ఉన్న ఫొటో విలువ అక్కడే తెలుస్తుంది.

మరి పొట్ట గడిచేదెలా?
పెళ్లి ఫొటోలకు అడ్వాన్సు ఇచ్చేవారుంటారు. మురుగు కాలువ ఫొటోలకు ఎవరిస్తారు? ఈ రంగంలోకి వచ్చే ప్రతి కుర్రాడూ ఎదుర్కొనే ప్రశ్న ఇదే. చాలామంది పెళ్లిళ్లూ పేరంటాలూ చేసుకుంటూనే మిగిలిన రోజుల్లో తమకు నచ్చిన పని చేస్తుంటారు. పళనికుమార్‌కు ఫెలోషిప్పులు, గ్రాంట్లు ఆసరా అయ్యాయి. మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన పాత్రికేయుడు పి.సాయినాథ్ 2014లో ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా (పారి) 2019లో ఆయనకు ఫెలోషిప్ ఇచ్చింది. అదే ఏడాది రామనాథపురం తీరంలో ప్రాణాలకు తెగించి సముద్రపు నాచు సేకరించే మహిళల కథనాన్ని ఆయన చిత్రాలతో సహా అందించారు. 2020లో సమ్యక్ దృష్టి-ఫొటో సౌత్ ఆసియా గ్రాంటు, 2021లో యాంప్లిఫై గ్రాంటు వచ్చాయి. ప్రముఖ ఛాయాచిత్రకారిణి దయానితా సింగ్, 'పారి' కలిసి నెలకొల్పిన డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ పురస్కారం 2022లో తొలిసారిగా ఆయననే వరించింది. నగదు రూ.2 లక్షలు. తొలి కెమెరాకూ ఈ గుర్తింపుకూ మధ్య తొమ్మిదేళ్లు!

గ్రాంటు ఇచ్చేవారు చూసేది కెమెరా ఖరీదు కాదు. ఒకే విషయం మీద ఎన్నాళ్లు నిలబడ్డారు, ఎంత లోతుకు వెళ్లారన్నదే. వంద ఊళ్లలో వంద ఫొటోల కన్నా ఒక వీధిలో రెండేళ్లు తీసిన ఇరవై ఫొటోలే మేలు. ప్రతి చిత్రం కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం పని, కూలి ఎంత అన్నవి రాసుకోవాలి. ఆ వివరాలు లేని ఫొటో పదేళ్ల తర్వాత ఎవరికీ అక్కరకు రాదు.

ఇప్పుడు వాళ్ల పిల్లల చేతిలో..
నేర్చుకున్నది పళనికుమార్ తన దగ్గరే దాచుకోలేదు. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలకు, మత్స్యకారుల పిల్లలకు ఫొటోలు తీయడం నేర్పుతూ వచ్చారు. ఇన్నాళ్లూ బయటివారు వచ్చి తీస్తేనే ఆ వీధుల కథ లోకానికి తెలిసేది. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో నిర్ణయించేదీ వాళ్లే. ఆ వీధి పిల్లలే కెమెరా పడితే ఆ నిర్ణయం వాళ్ల చేతికొస్తుంది. సరిహద్దుకు ఇవతల మన కాలనీల్లోనూ చీపుర్లు, తట్టలు మోసి పిల్లల్ని చదివిస్తున్న అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్ల కథలూ తీయాల్సినవే.