ఆ పిల్లవాడు ఎందుకు మాట్లాడడం లేదు?

1996వ సంవత్సరం నవంబరు 6వ తేదీ. అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని కోనసీమ మీద పెద్ద తుఫాను విరుచుకు పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నేలకూలాయి. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. చాలామంది శవాలు కూడా దొరకలేదు.

ఇల్లు కూలితే మళ్ళీ కట్టుకుంటాం. కొబ్బరి మొక్క నాటితే కొన్నేళ్ళకు కాపుకొస్తుంది. మరి అలాంటి తుఫానులో తండ్రిని పోగొట్టుకున్న పిల్లల మాట ఏమిటి?

ఒక పిల్లవాణ్ణి ఊహించుకుందాం. వాడికి 14 ఏళ్ళు. తండ్రి వేటకెళ్ళి రాలేదు. మొదట్లో వాడు ఏడవలేదు. "గట్టివాడు" అన్నారు అందరూ. తరవాత బడి మానేశాడు. చెల్లెల్ని కొడుతున్నాడు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. కడుపు నొప్పి అంటాడు. ఆస్పత్రిలో చూసి ఏమీ లేదంటారు. "వీడికి పొగరెక్కింది" అంటాడు మేనమామ. "గాలి సోకింది" అంటుంది పక్కింటి మామ్మ.

పొగరూ కాదు, గాలీ కాదు. అది దుఃఖం. ఆ వయసులో దుఃఖం చాలాసార్లు కోపంగా బయటికొస్తుంది. కడుపు నొప్పి కూడా నటన కాదు. భయం వేస్తే మన గుండె దడదడలాడదా? కడుపూ అంతే. గాలి చప్పుడు వినగానే ఆ రాత్రి మళ్ళీ వచ్చిందని ఒళ్ళు అనుకుంటుంది.

శవం దొరకని ఇంట్లో బాధ ఇంకో రకం. నాన్న పోయాడనుకుంటే ద్రోహం చేసినట్టు ఉంటుంది. బతికున్నాడనుకుంటే ఎదురుచూపు తెగదు. వాడి మనసులో ఇంకో మాట కూడా ఉండొచ్చు. "ఆ రోజు నేను వెళ్ళొద్దని ఉంటే నాన్న ఆగేవాడు" అని. ఇది ఎవరికీ చెప్పడు. లోపలే కుమిలిపోతాడు.

మరి మనం ఏం చేయాలి?

"మగపిల్లాడివి, ఏడవకూడదు" అనకండి. "ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు" అని కూడా అనకండి. మనం ప్రేమతోనే అంటాం. కానీ 14 ఏళ్ళ భుజం మీద అంత బరువా? ఈ మాట నాకైతే అసలు నచ్చదు.

నాన్న పేరు ఇంట్లో దాచవద్దు. ఆయన ఎలా నవ్వేవాడో, ఏ కూర ఇష్టంగా తినేవాడో చెప్పుకోండి. ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు, చెప్పు" అంటే వాడు చెప్పడు. బాబాయి వల బాగుచేసుకుంటూ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. చేతికి పని ఉంటే నోరు మెల్లగా తెరుచుకుంటుంది. అప్పుడు వినాలి, మధ్యలో అడ్డురాకూడదు. తుఫాను నీవల్ల రాలేదురా అని చెప్పాలి. ఒక్కసారి చెబితే చాలదు.

వేళకు తిండి, వేళకు పడక ఉండాలి. బడికి మళ్ళీ వచ్చిన రోజున ఇన్నాళ్ళూ ఏమయ్యావని నిలదీయకుండా టీచరు కూర్చోబెట్టుకోవాలి. కొన్నాళ్ళు సగం పూటే వచ్చినా సరే. బాగుపడుతున్నాడు అనుకునేసరికి మళ్ళీ నవంబరు వస్తుంది. వాడు మళ్ళీ ముడుచుకుపోతాడు. కంగారు పడకండి, అది మామూలే.

నెల దాటినా నిద్ర, తిండి, చదువు దారికి రాకపోతే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. "నేనూ పోతే బాగుండు" అన్నాడంటే తేలిగ్గా తీసుకోవద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. వాణ్ణి ఒంటరిగా వదలకండి. పురుగుల మందు ఇంట్లో లేకుండా చూడండి.

14416 నంబరుకు ఫోను చేయండి. దీని పేరు టెలి మానస్. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లవాడే మాట్లాడాలని లేదు. తల్లి చేసినా, మేనమామ చేసినా, టీచరు చేసినా ఏం చేయాలో చెబుతారు.