పసిబిడ్డల నడక ఆలస్యమైతే ఉపేక్షించరాదు

గోదావరిఖని: శిశువు కూర్చోవడం, నిలబడడం, నడవడం కేవలం కాళ్ళ బలంతో సాధ్యమయ్యేవి కావు. లోపలి చెవి, కళ్ళు, కండరాలు, కీళ్ళ నుండి అందే సంకేతాలను మెదడు సమన్వయపరచినప్పుడే శరీరం తూలకుండా నిలుస్తుంది. ఈ పట్టు తల నుండి క్రిందికి వస్తుంది. ముందు మెడ, తరువాత నడుము, ఆ పిమ్మట కాళ్ళు.

భారత్ సహా 5 దేశాల శిశువులను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం, ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 - 9.2 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 - 17.6 నెలల మధ్య అలవడుతుంది. వ్యవధి ఇంత విశాలమైనది కనుక పొరుగింటి బిడ్డతో పోలిక పనికిరాదు. అయితే 18 నెలలు నిండినా నడవని బిడ్డను "నిదానంగా నడుస్తాడులే" అని వదిలివేయడం తగదు. వచ్చిన నడక తప్పినా, ఒకవైపు చేయి, కాలు మాత్రమే వాడుతున్నా వయసుతో నిమిత్తం లేకుండా వైద్యునికి చూపవలసి ఉంటుంది.

రాత్రి షిఫ్టు ముగించిన గని కార్మికుడు పగలు నిద్రించే క్వార్టరులో బిడ్డను వాకర్‌లో కూర్చోబెట్టడం సులభోపాయంగా తోచవచ్చు. వాకర్‌లో బిడ్డ బరువును పరికరమే మోస్తుంది. తూలి, నిలదొక్కుకొనే అభ్యాసం నేలమీదనే లభిస్తుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ కేంద్రాలలో ఎదుగుదల జాప్యాన్ని కూడా పరీక్షించి, అవసరమైన పిల్లలను ఉన్నత చికిత్సకు పంపుతాయి. అనుమానం కలిగిన తల్లిదండ్రులు బృందం వచ్చేవరకు వేచియుండక ముందుగానే అంగన్‌వాడీ టీచరుకు తెలియజేయవచ్చును.