ఓడ డొక్క మీద గీత: దాటితే శిక్ష ఎవరికి?

విశాఖలో డాల్ఫిన్ నోస్ పక్క నుంచి ఓడ లోపలికొస్తుంటే చూడ్డం మా గుంటలకి పండగ. మొన్న మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, ఓడ డొక్క మీద ఆ గుండ్రమేటి? మధ్యన గీతెందుకు గీసీసున్నారు?"

నేను చదివింది పదో క్లాసే. చట్టాలు ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు, అవసరం పడి నేర్చుకున్నాను. వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. ఎందుకంటే ఆ గీత వెనక పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవకీ, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి ఓడలెక్కుతున్న మన పిల్లలకీ సంబంధం ఉంది.

ఆ గీతని లోడ్ లైన్ అంటారు. సరుకు నింపేకొద్దీ ఓడ నీళ్లలోకి దిగుతుంది. ఈ గీత వరకూ దిగొచ్చు, దాటకూడదు. పక్కనే నిచ్చెన మెట్లలా ఇంకొన్ని చిన్న గీతలుంటాయి. మంచినీళ్లలో ఓడ కొంచెం ఎక్కువ మునుగుతుంది కాబట్టి దానికో గీత, వెచ్చటి సముద్రాలకో గీత, చలికాలపు తుపాను సముద్రాలకి అన్నిటికన్నా కిందన ఇంకో గీత. సముద్రం ఎంత మొండిదైతే సరుకు అంత తగ్గించాలన్నమాట. కళ్లున్నవాడెవడైనా ఒడ్డున నిలబడి ఓడ ఎక్కువ మునిగిందో లేదో చెప్పీగలడు. అదే దాని గొప్ప.

మరి ఓడ యజమానులు దీన్ని సుఖాన ఒప్పుకున్నారా? లేదు. 1870ల్లో బ్రిటన్‌లో లెక్క ఇలాగుండేది. పాత ఓడకి ఎక్కువ బీమా చేయించి, సరుకు కుక్కి పంపితే, చేరితే కిరాయి వస్తుంది, మునిగితే బీమా వస్తుంది. పోయేది నావికుడి ప్రాణం. ఒప్పందం మీద సంతకం పెట్టాక "ఈ ఓడ బాగోలేదు, ఎక్కను" అన్నవాణ్ణి జైల్లో పెట్టేవారు. ఓడ మునగ్గొట్టినోడు బయట, మునగనన్నోడు లోపల! అలాంటివాటిని శవపేటిక ఓడలు అనేవారు.

శామ్యూల్ ప్లిమ్సాల్ అని డెర్బీ ఎంపీ, బొగ్గు వ్యాపారి. 1873లో నావికుల గోడు మీద పుస్తకం అచ్చేశాడు. ఓడల భద్రత మీద బిల్లు సభకొచ్చింది. 1875 జూలై 22న ప్రధాని డిజ్రేలీ ఆ బిల్లుని పక్కన పెడుతున్నట్టు చెప్పాడు. ప్లిమ్సాల్ పిడికిలి బిగించి సభలోనే ఓడల యజమానులైన సభ్యుల్ని దుర్మార్గులన్నాడు. మాట వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. వారం పోయాక క్షమాపణ చెప్పాడు గానీ, అప్పటికే జనం భగ్గుమన్నారు. కొద్ది రోజుల్లోనే తాత్కాలిక చట్టం, 1876లో అసలు చట్టం వచ్చాయి.

ఇక్కడే అసలు పాఠం ఉంది. 1876 చట్టం గీత ఉండాలంది, కానీ ఎక్కడ గీయాలో యజమానికే వదిలేసింది! ఒక కెప్టెన్ పొగగొట్టం మీద గీయించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. దొంగ చేతికే తాళం అంటే ఇదే. గీత చోటు కూడా ప్రభుత్వ లెక్క ప్రకారమే ఉండాలని తేల్చడానికి 1890 దాకా పట్టింది.

తర్వాత జరిమానా సంగతి. ఉదాహరణకి, గీత దాటించి వెయ్యి టన్నులు అదనంగా ఎక్కించాడనుకోండి. టన్నుకి వెయ్యి రూపాయల కిరాయి అనుకుంటే పది లక్షల లాభం. జరిమానా యాభై వేలైతే ఏం చేస్తాడు? నవ్వుకుంటూ కట్టీసి మళ్లీ ఎక్కిస్తాడు. అది శిక్ష కాదు, టోల్ గేటు రుసుం. 1932లో బ్రిటన్ తెచ్చిన చట్టం ఈ కిటుకు పట్టుకుంది. మామూలు జరిమానా 100 పౌండ్లు. దాని మీద, గీత ఎన్ని అంగుళాలు మునిగితే అంగుళానికి 100 పౌండ్ల దాకా అదనం. ఆ అదనం ఎంతో తేల్చేటప్పుడు, అలా ముంచడం వల్ల ఓడ సంపాదన ఎంత పెరిగిందో కోర్టు చూడాలి. అంటే జరిమానాని లాభంతో కొలిచారు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. మనకి 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ఉండేది, 561 సెక్షన్లు. అందులో చాలా జరిమానాలు వందల్లో, వేలల్లో ఉండేవి. దాని స్థానంలో 325 సెక్షన్ల కొత్త చట్టం వచ్చింది. 2025 ఆగస్టు 6న లోక్‌సభలో, 11న రాజ్యసభలో పాసైంది. పాతది మార్చడం తప్పనను, మార్చాల్సిందే. కానీ లోక్‌సభలో అది పాసైంది వేరే విషయం మీద జరుగుతున్న గోల మధ్య. శిక్ష ఎవరికి, ఎంత, దేంతో కొలవాలి అని గట్టిగా అడిగి, జవాబు రాబట్టే చర్చ జరగలేదు. బ్రిటన్‌లో బిల్లు ఆపేశారని సభలో కేకలు. మన దగ్గర కేకల్లో బిల్లు పాసు.

ఆ ఏడాది మే 25నే కొచ్చి దగ్గర ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ మునిగింది. లైబీరియా జెండా, 640 కంటైనర్లు. సిబ్బంది 24 మందీ బతికారు. కానీ ప్లాస్టిక్ గుళికలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, చేపల వేట దెబ్బతింది. కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల నష్టపరిహారం అడిగింది. పోయినదాని లెక్క అంత ఉంటుంది. జరిమానా లెక్క దాని ముందు ఎక్కడుండాలో మీరే చెప్పండి.

ఇక మన పిల్లల సంగతి. మునగడం ఒక్కటే ప్రమాదం కాదు. సోంపేట దగ్గర్నుంచి ఓ తల్లి కాగితాల సంచి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఏజెంటుకి లక్షలు కట్టింది. కొడుకు పరాయి దేశపు రేవులో ఆగిపోయిన ఓడలో ఉన్నాడు, జీతం లేదు. "దిగొచ్చీమంటే దిగనివ్వరంట బాబూ" అంది. ఇలా వదిలేసిన నావికులు 2024లో మూడు వేల మంది దాటారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్క. అందులో అందరికన్నా ఎక్కువమంది భారతీయులే. ఇలా వదిలేస్తే నాలుగు నెలల జీతం దాకా, తిండికీ, తిరుగు ప్రయాణానికీ పూచీ ఇచ్చే కాగితం ఓడలో ఉండాలని అంతర్జాతీయ ఒప్పందం చెప్తోంది. మన దేశం ఆ ఒప్పందాన్ని 2015లోనే ఒప్పుకుంది. ఆ కాగితం లేని ఓడకి మనవాణ్ణి పంపిన ఏజెంటుకి పడే శిక్ష, వాడు ఆ తల్లి దగ్గర తీసుకున్నదాని కన్నా చిన్నదైతే, వాడెందుకు ఆగుతాడు?

చట్టం పాసైందని ఊరుకోకండి. చట్టం ఎముకలైతే, కండ రూల్సులో ఉంటుంది. ఆ రూల్సు సభలో కాదు, ఆఫీసుల్లో రాస్తారు. ముసాయిదా బయటికొచ్చినప్పుడు మన యూనియన్లూ, మన ఎంపీలూ మూడే ప్రశ్నలు అడగాలి. గీత గీసేదెవరు? దాటితే కట్టేదెవరు, యజమానా, కెప్టెనా, కూలోడా? కట్టింది లాభం కన్నా ఎక్కువా, తక్కువా?

ఇంట్లో పిల్లోణ్ణి ఓడెక్కించే ముందు మీరూ ఒకటి అడగండి: ఏజెంటుకి డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉందా? నోటి మాట కాదు, నంబరు చెప్పించుకుని సరిచూడండి.

మా మేనల్లుడు అంతా విని, "అయితే మావయ్యా, ఆ గీతని మనం కూడా చూస్తుండాలా?" అన్నాడు. చూస్తుండాలిరా. ఒడ్డున నిలబడ్డవాడికి కనపడాలనే దాన్ని గీశారు.