ఫోను చవకే.. ముడి గట్టిది!

మస్కట్: కొత్త ఫోను వచ్చిందంటే చాలు, టెలిఫోన్ కంపెనీలకు పోటీయే పోటీ. 'మా కనెక్షన్ తీసుకుంటేనే ఈ ఫోను' అనడం అందులో పెద్ద ఎత్తుగడ. అమెరికాలో 2007 జూన్‌లో ఐఫోన్ విడుదలైనప్పుడు ఏటీ అండ్ టీ ఒక్కదానికే ఆ హక్కు దక్కింది. రెండేళ్ల ఒప్పందం రాసిస్తేనే ఫోను! ప్రత్యర్థి వెరిజాన్ దాన్ని అమ్మేసరికి 2011 ఫిబ్రవరి వచ్చింది.

మన ఊళ్లకూ ఇది తెలియనిది కాదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది. ఇంకో కంపెనీకి మారదామంటే ఆ ఫోను పనికిరాదు. 2017లో 1500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోనూ అంతే. జియో సిమ్ తప్ప వేరేది ఒప్పుకోదు.

ఇక ఒమన్ సంగతి. 2005లో నవ్రాస్ వచ్చేదాకా ఇక్కడ ఒమన్‌టెల్‌దే రాజ్యం. నవ్రాస్ 2014లో ఊరీడూగా పేరు మార్చుకుంది. 2009లో ఫ్రెండీ, రెన్నా సొంత టవర్లు లేకుండానే ప్రీపెయిడ్ సిమ్‌లతో దిగాయి. 2022లో వొడాఫోన్ వచ్చి చేరింది. ఇంటి నుంచి మిస్డ్ కాల్ వస్తే కార్డు గీకి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన రోజులు మేమింకా మరచిపోలేదు. పోటీ పెరగడం మాకు మేలే.

చిక్కల్లా వాయిదాల ఫోనుతోనే. చేతి నుంచి పైసా పెట్టకుండా ఫోను వస్తుంది, నిజమే. కానీ ఆ ధర నెల బిల్లులో కలిసే ఉంటుంది. నెలకు 10 రియాళ్లు, 24 నెలలు అనుకుందాం. మొత్తం 240 రియాళ్లు. మా క్యాంపులో ఒక స్టోర్‌కీపర్ ఇలాగే తీసుకున్నాడు. ఆరు నెలలకే సైటు పని అయిపోయింది, ఇంటికి పొమ్మన్నారు. మిగిలిన 18 నెలల సొమ్ము, 180 రియాళ్లు, ఒక్కసారే కట్టి విమానం ఎక్కాడు. ఇంటికి పట్టుకెళ్లాల్సిన డబ్బు అది!

అందుకే మేము చెప్పేదొకటే. ముందు బయట షాపులో అదే ఫోను నగదు ధర అడగండి. మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చూసుకోండి. కొనేముందు తోటివాడి సిమ్, వేరే కంపెనీది, వేసి చూడండి. పనిచేయకపోతే ఆ ఫోను ఊళ్లోనూ అక్కరకు రాదు. అన్నిటికన్నా ముఖ్యం, వీసాలో మిగిలిన నెలల కంటే పొడుగు ఒప్పందం మీద సంతకం పెట్టకండి.