భూమి బలమా? దువ్వెన బలమా?

కామారెడ్డి జిల్లా బాన్సువాడ చుట్టుపక్కల వరి పొలాలకు నిజాంసాగర్ నీరు వస్తుంది. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ జలాశయం నుంచి నీటిని పొలాల దాకా ఎవరూ తోయనక్కరలేదు. తూము తలుపులు ఎత్తితే చాలు, నీరు పల్లానికి పారుతుంది. దాన్ని లాగేది భూమి.

ఇంత పని చేసే గురుత్వాకర్షణ ప్రకృతిలోని బలాలన్నిటిలోకి పెద్దదని మీరు అనుకోవచ్చు. ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. చలికాలంలో, గాలి పొడిగా ఉన్న రోజున, నూనె రాయని జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పది పన్నెండుసార్లు దువ్వండి. ఆ దువ్వెనను సన్నని కాగితపు ముక్కల దగ్గరకు తీసుకురండి. ముక్కలు ఎగిరి దువ్వెనకు అంటుకొంటాయి. (వానాకాలంలో చేసి, రాలేదని నన్ను తిట్టుకోవద్దు! తడి గాలిలో విద్యుదావేశం నిలవదు.) కాగితపు ముక్కను కిందికి లాగుతున్నది 12,700 కిలోమీటర్ల వ్యాసం గల భూగోళం మొత్తం. పైకి లాగింది జానెడు దువ్వెన. ఎవరు గెలిచారో మీరే చూశారు కదా!

నిజానికి ఈ రెండు బలాలూ దూరం విషయంలో ఒకే నియమాన్ని పాటిస్తాయి. దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతవుతుంది. కాని వాటిని కొలిచిన పరికరాలను చూస్తే తేడా తెలుస్తుంది. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్ సన్నని తీగకు వేలాడే చిన్న బెండు గోళంతో విద్యుద్బలాన్ని కొలిచాడు. ఇంగ్లండులో కావెండిష్ 1798లో ప్రకటించిన గురుత్వాకర్షణ ప్రయోగానికి ఒక్కొక్కటి 158 కిలోల బరువుండే సీసపు గుండ్లు రెండు కావలసివచ్చాయి. గాలి కదలిక తగలకుండా పరికరాన్ని గదిలో మూసివేసి, ఆయన బయటినుంచి దుర్భిణితో చూశాడు. పెద్ద గుండు తన పక్కనున్న చిన్న గుండును లాగిన బలం ఎంతో తెలుసా? ఒక వడ్లగింజ బరువులో వెయ్యో వంతు కూడా లేదు!

ఇప్పుడు పరమాణువులోకి వెళదాం. హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్ ఉంటాయి. వాటి మధ్య విద్యుదాకర్షణ సుమారు 8.2 × 10⁻⁸ న్యూటన్లు. గురుత్వాకర్షణ 3.6 × 10⁻⁴⁷ న్యూటన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. సుమారు 2.3 × 10³⁹ వస్తుంది. అంటే 23 పక్కన 38 సున్నాలు! దూరం పెరిగితే రెండు బలాలూ ఒకే పాళ్ళలో తగ్గుతాయి గనుక ఆ రెండు కణాలను ఎంత దూరంలో ఉంచినా ఈ నిష్పత్తి మారదు.

ఈ సంఖ్యను ఊహించుకోవడం కష్టమే. ఇలా ఆలోచించండి. విద్యుద్బలం లేకుండా, గురుత్వాకర్షణ ఒక్కటే ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచవలసివస్తే ఆ హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్థం పన్నెండు లక్షల కోట్ల కాంతి సంవత్సరాలు దాటుతుంది. మనకు కనిపించగల విశ్వమంతా అందులో ఒక మూల ఇమిడిపోతుంది.

మరి ఇంత బలహీనమైన గురుత్వాకర్షణ కాలువ నీటిని ఎలా నడుపుతోంది? చంద్రుణ్ణి ఎలా తిప్పుతోంది?

విద్యుదావేశంలో ధన, ఋణ అని రెండు రకాలున్నాయి. నీటిలో, మట్టిలో, మీ శరీరంలో అవి సరిసమానంగా ఉన్నాయి. ఒకటి లాగితే మరొకటి నెడుతుంది. జమాఖర్చులు చెల్లిపోయినట్లు, దూరంలో ఉన్నవారికి మిగిలేది దాదాపు సున్న. ద్రవ్యరాశిలో ఇలా రెండు రకాలు లేవు. ప్రతి రేణువూ లాగడమే గాని నెట్టడం ఎరగదు. చిటికెడు చిటికెడుగా అన్నీ కూడి భూమంత ఆకర్షణ అయింది. అయితే విద్యుద్బలం ఎక్కడికీ పోలేదు. నిజాంసాగర్ ఆనకట్ట రాళ్ళలో పక్కపక్కనున్న పరమాణువులను విడిపోకుండా పట్టి ఉంచేది అదే.

ఈ సరిసమానం కొంచెం తప్పితే ఏమవుతుంది? భూమికి, చంద్రునికి చెరి 325 కిలోల అదనపు ఎలక్ట్రాన్లు ఇచ్చామనుకోండి. లెక్క కట్టి చూస్తే, వాటి మధ్య వికర్షణ భూమి, చంద్రుల మధ్య ఉన్న గురుత్వాకర్షణకు సరిగ్గా సరిపోతుంది. ఇక లాగేవారెవరూ లేక చంద్రుడు తన దారిన తాను పోతాడు. 325 కిలోలంటే మూడుంబావు క్వింటాళ్ళు. వడ్లయితే నాలుగైదు బస్తాలు, ఒక ఎడ్లబండికి కూడా చాలని బరువు. కాని అన్ని ఎలక్ట్రాన్లను ఒకచోట పోగుచేయడం ఎవరి తరమూ కాదు. ముందు చేరినవి, కొత్తగా చేరబోయేవాటిని నెట్టివేస్తాయి.