తూ, ఉస్తేద్: సంబోధనలోని చమత్కారం

స్పానిష్ భాషలో ఎదుటి మనిషిని సంబోధించడానికి ముఖ్యంగా రెండు సర్వనామాలున్నవి. చనువున్నచోట ‘తూ’, మర్యాద పాటించవలసినచోట ‘ఉస్తేద్’. మన ‘నువ్వు’, ‘మీరు’ వంటివే కదా అని తోచవచ్చును. కాని పుట్టుకలో ఒక భేదమున్నది. మన ‘మీరు’ బహువచనమే; గౌరవార్థంలో ఒక్కరికి కూడా చెల్లుతున్నది. ‘ఉస్తేద్’ అట్లు కాదు. ‘వుయెస్త్రా మెర్సెద్’, అనగా ‘తమ దయ’ అనే గౌరవవాచకం జనుల నోళ్లలో నలిగి నలిగి ‘ఉస్తేద్’ అయినది. ‘ఏలినవారు సెలవిచ్చారు’ అన్నట్లు, ఎదుట ఉన్నవారిని ఎదుట లేనివారివలె చెప్పడం దాని మూలం. అందుచేతనే నేటికీ దాని క్రియ ప్రథమపురుషలో ఉంటుంది.

చమత్కారానికి చోటు ఇక్కడనే ఏర్పడినది. స్పానిష్‌లో కర్తను విడిచిపెట్టి క్రియతోనే వాక్యం నడపవచ్చును. ‘ఎస్తా లోకో’ అంటే ‘అతనికి పిచ్చి’ అని కావచ్చు; ‘తమకు పిచ్చి’ అని కూడా కావచ్చు. విన్నవాడు ఉలిక్కిపడితే, అన్నవాడు ‘తమరిని కాదు, ఆయనను’ అని తప్పించుకొనవచ్చును.

సంబోధన మారితే సంబంధమే మారుతుంది. సెర్వాంతెస్ రచించిన ‘డాన్ కిహోతే’లో దొర సాంచోను సాధారణంగా ‘తూ’ అంటాడు. సాంచో దొరను ‘వుయెస్త్రా మెర్సెద్’ అంటాడు. 1605లో వెలువడిన మొదటి భాగం 20వ అధ్యాయంలో, రాత్రంతా ఇద్దరినీ భయపెట్టిన చప్పుడు నీటివడికి ఆడే బట్టలు దంచే సమ్మెటలదని తెల్లవారి తెలుస్తుంది. సాంచో పగలబడి నవ్వి, దొర పలికిన వీరాలాపాలను వెక్కిరిస్తాడు. దొర కోపంతో ‘తూ’ను వదలి ‘వోస్’ అందుకుంటాడు. చేతి ఈటెతో కొట్టిన దెబ్బలు సరే, ఆ ఒక్క సర్వనామం కూడా సాంచోను దూరంగా నిలబెట్టినది.

స్పానిష్ ఇళ్లలో తల్లి బిడ్డను మందలిస్తూ ‘ఉస్తేద్’ అనడం కద్దు. ‘అయ్యగారికి ఇప్పుడా తెల్లవారింది?’ అనే మన తల్లికి ఈ మర్మం ఎవరూ నేర్పనక్కరలేదు. అట్లని ‘ఉస్తేద్’ ఉన్నచోటనల్లా దూరమే ఉన్నదనుకోరాదు. కొలంబియాలో కొన్ని ప్రాంతాల భార్యాభర్తలు, ప్రాణస్నేహితులు సైతం ఉస్తేద్ అనే పిలుచుకుంటారు.

స్పానిష్ రచనలు మనకు చాలావరకు ఇంగ్లీషు ద్వారానే అందుతున్నవి. ఆ దారిలో ‘తూ’, ‘ఉస్తేద్’ రెండూ ‘యూ’ అనే ఒకే మాటలో కలిసిపోతున్నవి. అలుక, ఎత్తిపొడుపు, హఠాత్తుగా కలిగిన చనువు అన్నీ అక్కడే ఇంకిపోతున్నవి. తెలుగు అనువాదకుడు తన ఊహకు తోచిన ‘నువ్వు’నో ‘మీరు’నో పెట్టుకొనవలసి వస్తున్నది.

నిజానికి మన వాడుకభాష ఈ పనికి ఇంగ్లీషుకంటె సమర్థమైనది. ‘బొత్తిగా మతిపోయినట్లున్నారు’ అని చూడండి: ఎవరికి? మీకా, ఆయనకా? స్పానిష్ చమత్కారం చెక్కుచెదరకుండా తెలుగులో నిలిచినది. కనుక అనువాదకుడు ఇంగ్లీషు ప్రతి చేతనున్నా, ప్రతి సంభాషణ దగ్గరా మూలంలోని సర్వనామమేదో విచారించి తెలుసుకొనవలెను. అది తెలిసిన తరువాత మాట వెదకుకొనే శ్రమ ఉండదు. మన ఇళ్లలోనే ఉన్నది.